ఏటిసూతకంలో ఉన్న స్నేహితురాలికి ఉగాది శుభాకాంక్షలు ఎలా చెప్పాలి?

కృష్ణా జిల్లా నుంచి ఒక టీచరు గారు పొడుగాటి ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆవిడ పుట్టింది 1966లో, పరాభవ నామ సంవత్సరంలో. అరవై ఏళ్ళు తిరిగొచ్చి ఈ మార్చి 19 ఉగాదితో మళ్ళీ పరాభవే మొదలవుతోంది. గుడివాడలో 1982-84లో ఇంటర్ కలిసి చదువుకున్న నలుగురు స్నేహితురాళ్ళదీ ఆ ఏటి పుట్టుకే. నలుగురికీ ఈ ఏడే అరవై నిండుతాయి. పెళ్ళిళ్ళయి తలో ఊరూ చేరాక కూడా వీళ్ళు జనవరి ఒకటికో సంక్రాంతికో గ్రీటింగ్ కార్డులు పంపుకోవడం చాలా ఏళ్ళు మానలేదు. ముగ్గురూ కొట్లో కొన్న కార్డులు పంపితే, తణుకులో ఉండే ఆవిడ మాత్రం డ్రాయింగ్ షీటు మడిచి సొంతంగా బొమ్మ వేసేదట. ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రెండు చిలకలు, చుట్టూ మెలికల ముగ్గు. లోపల ‘నీకు ట్రాన్స్‌ఫర్ రావాలి, మీ అత్తగారి మోకాళ్ళు నెమ్మదించాలి’ అని ఎవరికి ఏది కావాలో అది రాసేదట. ఆ కార్డులు టీచరు గారి ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత ఫోన్లు వచ్చాయి, వాట్సాప్ వచ్చింది, నలుగురికీ ఒక గ్రూపు ఏర్పడింది.

ఈ జనవరి ఒకటిన ఆ గ్రూపులో ఎవరూ నోరు విప్పలేదు. డాలస్‌లో కూతురి దగ్గరున్న ఆవిడ ఎక్కడినుంచో వచ్చిన దీపాల బొమ్మ ఒకటి పంపింది. దానికింద ఒక్కరూ ఒక్క మాట రాయలేదు.

కారణాలు టీచరు గారే రాశారు. హైదరాబాద్‌లో ఉండే స్నేహితురాలి భర్త మొన్న కార్తీకమాసంలో గుండెపోటుతో పోయారు. ఈవిడ వెళ్ళి పలకరించి వచ్చారు. పెద్దకర్మ అయ్యాక మళ్ళీ మాట్లాడలేదు. ‘వాళ్ళింట్లో ఏడాదిదాకా పండగ లేదు. శుభాకాంక్షలు అంటే తప్పవుతుందేమో, ఊరుకుంటే మరిచిపోయానంటుందేమో. జనవరిలో మా అబ్బాయింటికి హైదరాబాద్ వెళ్ళి కూడా, ఏం మాట్లాడాలో తెలియక ఆమెను చూడకుండానే వచ్చేశాను’ అని రాశారు.

తణుకు ఆవిడది డబ్బు సంగతి. 2023 మే నెలలో కూతురి పెళ్ళికని టీచరు గారి దగ్గర లక్షన్నర తీసుకుని ప్రోనోటు రాసిచ్చింది. మొదటి ఏడాది వడ్డీ పంపింది. ఆ తర్వాత పంపలేదు, ఫోన్ ఎత్తడం మానేసింది. టీచరు గారి భర్త లాయరు నోటీసు పంపుదామంటున్నారు. ‘ఇలాంటప్పుడు ఉగాది శుభాకాంక్షలు పంపితే బాకీ గుర్తుచేస్తున్నాననుకుంటుంది. లేదా బాకీ వదిలేశాననుకుంటుంది. రెండూ నాకు ఇష్టం లేదు.’

చివరి పేజీలో ఇంకో సంగతి ఉంది. పెద్దబ్బాయికి నవంబరులో ఉద్యోగం పోయింది. ఫ్లాటు వాయిదాలు నడుస్తున్నాయి. కొత్త ఉద్యోగం ఇంకా దొరకలేదు. ఈ విషయం ఆవిడ స్నేహితురాళ్ళెవరికీ చెప్పలేదు. ‘అంతా మంచే జరగాలి అని టైపు చేసి చెరిపేస్తున్నాను. నాకే నమ్మకం లేని మాట ఇంకొకరికి ఎలా పంపను?’ అని ముగించారు.

టీచరు గారూ,

మీరు అడిగినది శుభాకాంక్షల గురించే అయినా అందులో చావు ఉంది, బాకీ ఉంది, కొడుకు ఉద్యోగం ఉంది. ఈ మూడింటినీ ఒకే మెసేజీలో సర్దాలని చూస్తున్నారు. అందుకే టైపు చేసి చెరిపేస్తున్నారు. నలుగురికీ సరిపోయే మాట కోసం వెతికితే ఎవరికీ తగలని మాటే దొరుకుతుంది. ఈ ఏడాదికి ఆ గ్రూపు మెసేజీ ఆలోచన పక్కన పెట్టేయండి. ముగ్గురికీ మూడు మాటలు, విడివిడిగా. మీ తణుకు స్నేహితురాలు స్కెచ్ పెన్నుతో చేసిన పని అదే కదా. ఎవరింట్లో ఏముందో చూసుకుని దానికి తగ్గది కోరింది. ఆ కార్డుల్ని మీరు నలభై ఏళ్ళు దాచుకున్నారంటే మంచి మాట ఎలా ఉండాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ముందు హైదరాబాద్ సంగతి. అన్నిటికన్నా ఇదే తొందరైనది.

ఏటిసూతకం ఉన్న ఇంట్లో పండగ చేసుకోరు. తోరణాలు కట్టరు, కొత్తబట్టలు కట్టుకోరు, చాలా ఇళ్ళల్లో పిండివంటలకని పొయ్యిమీద నూనె మూకుడు పెట్టరు. కొందరు ఉగాది పచ్చడి మాత్రం దేవుడికి పెట్టకుండా తింటారు, కొందరు అదీ చేయరు. ఇంటింటికీ, కులానికీ, ఊరికీ పద్ధతి మారుతుంది. అయితే ఒక్క సంగతి చూడండి. పండగ చేసుకోకూడదన్నారే గానీ ఆ ఇంటి మనిషిని పలకరించకూడదని ఏ పెద్దలూ అనలేదు. పైపెచ్చు, చావు జరిగిన ఇంటికి మొదటి పండగనాడు దగ్గరివాళ్ళు వండుకుని పట్టుకెళ్ళే అలవాటు మన జిల్లాల్లో చాలాచోట్ల ఉంది. వాళ్ళు వండుకోరు కాబట్టి మనం పట్టుకెళ్తాం. శుభాకాంక్షలు చెప్పకూడదన్న నియమం, కూడా ఉండాలన్న నియమం, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మనం మొదటిది గట్టిగా పట్టుకుని రెండోది వదిలేస్తున్నాం.

ఇంకొక మాట కటువుగా అనిపించినా చెప్పాలి. భర్త పోయిన ఆడమనిషికి పండగపూట ఫోన్లు ఆగిపోతాయి. అందరూ మీలాగే మర్యాదకే ఆగుతారు. ఏమంటే ఏం తప్పో అని భయపడి ఆగుతారు. ఆమె వైపు నుంచి చూస్తే మాత్రం, నిన్నటిదాకా పొద్దున్నే మోగిన ఫోను ఈ ఏడు మోగలేదు. తన ముఖం చూడటం, తన గొంతు వినడం శుభదినాన జనానికి ఇష్టం లేదని ఆమె అనుకోవడానికి ఎంతోసేపు పట్టదు. మన సమాజం ఆ పాడు ఊహను ఆడవాళ్ళకి తరతరాలుగా నూరిపోసింది. మీ మౌనం మీకు తెలియకుండానే దానికి సాక్ష్యమవుతుంది. అందుకని ‘ఏమీ అనకుండా ఊరుకోవడం’ అన్నది నష్టం లేని దారి అనుకోకండి. దాని ఖర్చు ఆమె కడుతుంది.

మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, అందరికీ పంపినట్టే ‘పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు’ అని పంపడం. ఇది నేనైతే చేయను. పూలూ దీపాలూ ఉన్న బొమ్మ ఆ ఫోనులోకి వెళ్తే, ఆమె సంగతి గుర్తులేక పంపిందనుకోవడానికే ఎక్కువ వీలుంది. పక్కన అత్తగారో ఆడపడుచో ఉంటే ఇంకా ఇబ్బంది.

రెండు, ఉగాదినాడు ఫోన్ చేయడం. శుభాకాంక్షలన్న మాట ఎత్తక్కర్లేదు. పొద్దున్న పూజల హడావుడిలో కాకుండా మధ్యాహ్నం భోజనాలయ్యాక చేయండి. పండగరోజు ఆ ఇంట్లో అన్నిటికన్నా బరువైన గంటలవి. ఏమనాలి అంటారా? ‘ఈరోజు నువ్వే గుర్తొచ్చావు, అన్నం తిన్నావా?’ అని మొదలుపెడితే చాలు. ఆయన పేరెత్తడానికి జంకకండి. ఆయన మీ పిల్లల పెళ్ళిలో చేసిన పనో, ఎప్పుడో మిమ్మల్ని స్టేషన్లో దింపిన సంగతో మీకు గుర్తుంటే చెప్పండి. ఆమె ఏడిస్తే మీరు ఏడిపించినట్టు కాదు. ఆ ఏడుపు ఎవరి దగ్గరా ఏడవడానికి వీల్లేక ఉండిపోయింది. ‘ధైర్యంగా ఉండు, పిల్లల కోసం బతకాలి’ లాంటి మాటలు మాత్రం వద్దు. నాలుగు నెలలుగా అవి వినివిని ఆమెకి విసుగొచ్చి ఉంటుంది.

మూడు, వెళ్ళడం. మీ అబ్బాయి ఉన్నది అదే ఊరు. ఉగాదికి ముందురోజు రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి అబ్బాయింట్లో ఉంటారు, మధ్యాహ్నానికి ఆమె దగ్గర ఉంటారు. వెళ్ళేముందు ఆమె కొడుక్కో కోడలికో ఫోన్ చేసి, వాళ్ళింటి పద్ధతి ఏమిటో, వండి తెస్తే తింటారో లేదో అడగండి. అడిగితే తక్కువేమీ కాదు. తెలియని పద్ధతిలో తలదూర్చడం కంటే నయం. మామిడికాయ పప్పూ ఒక కూరా టిఫిను డబ్బాలో పట్టుకెళ్తే చాలు. మీకు బొట్టు పెట్టాలా వద్దా, మీరు ఆమెకి పెట్టాలా వద్దా అన్న సందేహం ఆ ఇంట్లో అందరికీ వస్తుంది. అది ఆమె ఇష్టానికి వదిలేయండి. ఆమె పెట్టుకోవాలనుకుంటే మీరు వెనక్కి తగ్గకండి, వద్దంటే బలవంతం చేయకండి. జనవరిలో వచ్చి కూడా చూడకుండా వెళ్ళానన్న సంగతి ఆమెకి చెప్పాలా అంటే, చెప్పమనే అంటాను. ‘ఏం మాట్లాడాలో తెలియక రాలేదు’ అన్న మాట వినడానికి చిన్నదే గానీ, ఎందుకు రాలేదో ఆమె ఊహించుకునే కారణాలకన్నా చాలా మంచిది.

వెళ్ళడం కుదరకపోతే ఫోను చాలు. ఏది చేసినా ఒక్క పూటతో ఆపేయకండి. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది. అందువల్ల కార్తీకం నవంబరు 10న గానీ మొదలవదు. తిథి ప్రకారం ఆయన సంవత్సరీకం ఆ తర్వాతే వస్తుంది. అంటే ఆమెకి ఈ ఏటిసూతకం పన్నెండు నెలలు కాదు, పదమూడు. మధ్యలో శ్రావణ శుక్రవారాలు, వినాయక చవితి, దసరా, దీపావళి అన్నీ ఇలాగే దాటాలి. కొత్త క్యాలెండరు మీద ఆ రోజులన్నీ గుర్తుపెట్టుకుని, ఆయా పూటలు ఫోన్ చేస్తానని మీలో మీరు అనుకోండి. ఆమెకి మాటివ్వడం మాత్రం ఆలోచించి చేయండి. ‘నెలకోసారి చేస్తాను’ అని చెప్పి రెండు నెలలకి మానేస్తే, చెప్పకపోవడమే మేలు.

ఇక తణుకు.

టీచరు గారూ, మీ భర్త కోపాన్ని అర్థం చేసుకోగలను. లక్షన్నర మీ కుటుంబానికి చిన్న మొత్తం కాదు, అబ్బాయి ఉద్యోగం లేని ఈ రోజుల్లో అసలే కాదు. అలాగని స్నేహాన్ని, నోటునీ ఒకే కవర్లో పెట్టి పంపొద్దు. రెండు పనులు, రెండు వేర్వేరు రోజులు.

ముందు నోటు సంగతి తేల్చుకోండి. ఇందులో గడువు ఉంది. ప్రోనోటు మీద బాకీకి నోటు తేదీ నుంచి మూడేళ్ళలోపు దావా వేయాలని 1963 లిమిటేషన్ చట్టం చెబుతుంది. మీ నోటు 2023 మే నాటిది. అంటే ఈ మే నెలతో కాలదోషం పడుతుంది. ఆ గడువులోపు ఆవిడ ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తుంది. డబ్బు కట్టలేకపోయినా బాకీ ఉన్నానని గడువులోపే రాసి సంతకం చేసినా, నోటు తిరగరాసినా గడువు దొరుకుతుంది. లాయరు నోటీసు ఒక్కటీ పంపి ఊరుకుంటే మాత్రం గడువు ఆగదు. నోటీసు పంపాం కదా అని నిశ్చింతగా ఉండి, తర్వాత నోటు చెల్లదని తెలిసి తలపట్టుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మీ ఊళ్ళోని లాయరుకి నోటు చూపించి తేదీ సరిచూసుకోండి.

ఇప్పుడు మీకున్న దారులు. మొదటిది, బాకీ నిజంగానే వదులుకోవడం. అలా అనుకుంటే భర్తతో ముందు తేల్చుకుని, ఇద్దరూ ఒప్పుకున్నాకే చేయండి. మీరు మనసులో వదిలేసి ఆయన మనసులో ఉంచుకుంటే ఆ లక్షన్నర మీ ఇంట్లో ప్రతి పండక్కీ లేస్తుంది. రెండోది, ఏప్రిల్ మధ్యలో మీరే స్వయంగా తణుకు వెళ్ళి నోటు తిరగరాయమని అడగడం. నోటీసు వెళ్తే ఆ ఇంట్లో కొత్త అల్లుడి ముందు, వియ్యాలవారి ముందు ఆవిడ తల దించుకోవాలి. ఆ తర్వాత డబ్బు వచ్చినా మనిషి రాదు. మీరు వెళ్ళి, ‘ఇప్పుడు ఇవ్వలేకపోతే ఫరవాలేదు, నెలకి రెండువేలో మూడువేలో నీకు వీలైనంత కట్టు, నోటు మాత్రం తిరగరాయి, మా ఆయనకి సమాధానం చెప్పుకోవాలి’ అని అడిగితే ఆవిడకి నిలబడటానికి చోటు దొరుకుతుంది. ఆవిడ ఫోన్ ఎత్తకపోవడానికి నాకు కనిపించే కారణం సిగ్గు. మోసం చేయాలనుకున్న మనిషి మొదటి ఏడాది వడ్డీ పంపదు. నా అంచనా తప్పు కావచ్చు. ఆవిడ తలుపు తీయకపోవచ్చు, మాట తప్పించవచ్చు. అప్పుడు మూడోదారి కోర్టే. అది మీ హక్కు. అందులో పాపం లేదు, స్నేహద్రోహం లేదు. మే నెల దాకా ఆగకుండా ఏప్రిల్లోనే వెళ్ళమన్నది అందుకే. ఆవిడ కాదంటే దావాకి రోజులు మిగిలి ఉండాలి.

దీనికీ ఉగాది మాటకీ సంబంధం లేకుండా చూసుకోవడమే మీ పని. ఉగాదికి ఆవిడకి ఫోన్ చేయకండి. మీ పేరు తెరమీద కనబడగానే ఆవిడకి గుండెల్లో రాయి పడుతుంది. ఎత్తకపోతే మీకు బాధ, ఎత్తితే ఇద్దరికీ ఇబ్బంది. కార్డు పంపండి. కార్డు వెంటనే జవాబు అడగదు. చేతిలోకి వచ్చి, బల్లమీద ఉండి, ఆవిడకి మనసైన రోజున చదివించుకుంటుంది. యాభై పైసల పోస్టుకార్డయినా సరే, కవర్లో పెట్టిన డ్రాయింగ్ షీటయినా సరే. పోస్టుకార్డు ఇంట్లో అందరూ చదువుతారన్నది గుర్తుంచుకోండి. ఏదైనా సరే, అందులో డబ్బు గురించి ఒక్క అక్షరం ఉండకూడదు. ‘ఆ సంగతి తర్వాత చూసుకుందాం’ అన్న పెద్దమనసు వాక్యం కూడా వద్దు. మిగతా కార్డంతా మరిచిపోయి ఆవిడ ఆ ఒక్క వాక్యమే చదువుతుంది. ఆవిడ మీకు రాసినట్టే రాయండి. ఆవిడకి ఏం కావాలో మీకు తెలుసు. కూతురు కాపురం చల్లగా ఉండాలి, ఆయన షుగరు అదుపులో ఉండాలి, మనకి అరవై వచ్చాయి, నలుగురం ఒక్కసారి కలవాలి. అంతే. చిలకలు వేయడం రాకపోతే మామిడాకు వేయండి.

ఇలా చేస్తే బాకీ వదిలేశాననుకుంటుందన్న మీ భయానికి జవాబు ఏప్రిల్లో మీ ప్రయాణమే. కార్డు అందుకున్న మనిషి నెల తిరిగాక మీరు గుమ్మంలో నిలబడితే ‘ఇందుకా కార్డు పంపింది’ అనుకోవచ్చు. ఆ ప్రమాదం ఉంది, కాదనను. అలా అనుకోకుండా ఉండాలంటే, డబ్బు మాట్లాడిన రోజు పండగ మాట ఎత్తకండి, కార్డు అందిందా అని అడగకండి. ఒకటి చూపించి ఇంకోటి రాబట్టకపోతే మనుషులకి ఆ తేడా తెలుస్తుంది. ఆవిడకి మరీ బాగా తెలుస్తుంది, మీరు పదహారేళ్ళప్పటి నుంచీ తెలుసు కదా.

డాలస్ ఆవిడ గురించి మీరు కొంచెం చిరాగ్గా రాశారు. రోజుకో ఫార్వర్డు పంపుతుందనీ, సొంత మాట ఒక్కటీ రాయదనీ. కూతురి ఇంట్లో మనవల్ని చూసుకుంటూ, కారు లేకుండా, పగలంతా నాలుగు గోడల మధ్య గడిపే మనిషి. జనవరి ఒకటిన ఎవరూ పలకని చోట దీపాల బొమ్మైనా పెట్టింది ఆవిడే. ఆ బొమ్మకింద రెండు నెలలుగా ఎవరూ ఏమీ రాయలేదు. ఉగాదినాడు మీకు పొద్దున్న ఏడైతే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు పడుకునే వేళ, ఆవిడకి తీరిక ఉంటుంది. ఒక వాయిస్ మెసేజీ పంపండి, మీ గొంతుతో. వెనక మీ పెరట్లో కోయిల అరిస్తే అదీ వినబడనీయండి.

ఇక మీ సంగతి. ఉత్తరంలో దీన్ని చివర్న పెట్టారు. నాకు మాత్రం మిగతా మూడింటికీ మొదలు ఇదేననిపిస్తోంది.

‘నాకే నమ్మకం లేని మాట ఎలా పంపను’ అన్నారు. ఉగాది పచ్చడి తినేటప్పుడు పెద్దవాళ్ళు చదివే శ్లోకం మీకు వచ్చే ఉంటుంది. ‘శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ, సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణం.’ నూరేళ్ళ ఆయుష్షు, వజ్రంలాంటి ఒళ్ళు, సకల సంపదలు, అన్ని అరిష్టాల నాశనం. వేపపువ్వు నములుతూ ఇది చదివిన తరాల్లో కరువులు చూసినవాళ్ళున్నారు, తుఫాన్లలో పశువుల్నీ పిల్లల్నీ పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అరిష్టాలు ఉంటాయని వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు, శ్లోకంలోనే ఆ మాట ఉంది. అయినా చదివారు. ఆ సాయంత్రం గుళ్ళో పంచాంగ శ్రవణానికి కూర్చుంటే సిద్ధాంతి గారు ఆదాయం పక్కనే వ్యయం చదువుతారు, రాజపూజ్యం పక్కనే అవమానం చదువుతారు. విన్నవాళ్ళు లేచి ఇంటికి వెళ్ళి మర్నాటి పనులు చూసుకుంటారు. మంచి కోరడానికి మంచి జరుగుతుందన్న గ్యారంటీ ఎవరూ అడగలేదు. కావాలనుకుంటే చాలు. మీ స్నేహితురాలికి దుఃఖం తగ్గాలని మీకు నిజంగా ఉంది కదా? అది చెప్పడానికి అంతకు మించిన నమ్మకం అవసరం లేదు.

అయితే మీ మాట గొంతులో ఆగిపోవడానికి ఇంకో కారణం ఉంది. మీరు ముగ్గురి ఇళ్ళల్లో ఏముందో తెలుసుకుని దిగులు పడుతున్నారు. మీ ఇంట్లో ఏముందో ఆ ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. వాళ్ళు ఉగాదికి మీకు ఏం కోరాలి? ‘అబ్బాయికి ప్రమోషన్ రావాలి’ అని డాలస్ ఆవిడ పంపితే మీరు దాన్ని ఎలా చదువుతారు? మంచి కోరడం ఒకవైపు నుంచే నడవదు. మీకు ఏం కావాలో చెప్పకుండా, వాళ్ళు మిమ్మల్ని కనిపెట్టుకోలేదని అనుకోవడం వాళ్ళకి అన్యాయం. తణుకు ఆవిడ సిగ్గుతో ఫోన్ ఎత్తకపోవడం, మీరు సిగ్గుతో కొడుకు సంగతి దాచడం, చూడండి, ఒకే ఊరి నీళ్ళు.

చెప్పాలా వద్దా అన్నది ముందు మీ అబ్బాయి చేతిలో ఉంది. ముప్పై దాటిన మనిషి, తన సంగతి. అతన్ని అడగండి. వద్దంటే, ‘ఇంట్లో కొంచెం కష్టంగా ఉంది, తర్వాత చెబుతాను’ అన్న ఒక్క మాట మీ సొంతం, దానికి అతని అనుమతి అక్కర్లేదు. సరేనంటే మూడు పద్ధతులున్నాయి. గ్రూపులో అందరికీ ఒకేసారి చెప్పొచ్చు. దానివల్ల మళ్ళీ మళ్ళీ చెప్పే బాధ తప్పుతుంది గానీ, భర్త పోయి నాలుగు నెలలే అయిన మనిషీ, మీకు బాకీ ఉన్న మనిషీ అదే చోట అది చదువుతారు. బాకీ ఉన్నావిడకి అది డబ్బు అడిగినట్టే వినబడుతుంది. అందుకని గ్రూపు వద్దంటాను. డాలస్ ఆవిడకి విడిగా చెప్పొచ్చు. ఆవిడ అల్లుడి ద్వారా ఏదైనా దారి దొరకొచ్చు, సలహాల వర్షం కూడా కురవొచ్చు, రెంటికీ సిద్ధపడండి. నాకు ఎక్కువ నచ్చేది హైదరాబాద్ ఆవిడకి చెప్పడం. దుఃఖంలో ఉన్న మనిషికి మన బాధ చెప్పడం తప్పనుకుంటాం. నాలుగు నెలలుగా అందరూ ఆమెని ఓదారుస్తున్నారు, ఒక్కరూ ఆమెని సలహా అడగలేదు, ఒక్కరూ తమ కష్టం చెప్పుకోలేదు. మీరు చెప్పుకుంటే, ఆ కాసేపు ఆమె మళ్ళీ మీ ఇంటర్ స్నేహితురాలవుతుంది. అయితే మొదటి ఫోన్లోనే కాదు. ఆమె మాట పూర్తయ్యాక, రెండోసారో మూడోసారో, ఆమే ‘నీ సంగతేంటి’ అని అడిగినప్పుడు దాచకండి.

అరవై నిండటం గురించి ఒక సూచన. షష్టిపూర్తి ఎవరిళ్ళల్లో వాళ్ళు చేసుకుంటారో లేదో నాకు తెలియదు, ఒకావిడకి ఇప్పుడు ఆ మాటే ముల్లు. నలుగురు కలవడానికి పీటలూ పురోహితుడూ అక్కర్లేదు కదా. కార్తీకంలో సంవత్సరీకం అయిపోతుంది. పరాభవ 2027 ఏప్రిల్ మొదటివారం దాకా ఉంటుంది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఆ ఉగాదిలోపు, అంటే జనవరి చివర నుంచి మార్చి దాకా, నలుగురికీ అరవై వచ్చి, ఎవరికీ సూతకం లేని రోజులు ఉన్నాయి. డాలస్ ఆవిడ టికెట్లు ముందుగా చూసుకోవాలి కాబట్టి ఇప్పుడే చెప్పాలి. ఆ కలయికకి తణుకు ఆవిడ కూడా వస్తుందా అన్నది ఏప్రిల్లో మీరు ఆ గుమ్మంలో ఎలా మాట్లాడతారన్న దానిమీద కొంత, ఆవిడ మీద కొంత ఆధారపడుతుంది. రాకపోయినా ముగ్గురు కలవండి.

కార్డు 16వ తేదీ సోమవారం లోపే డబ్బాలో వేయండి, మీ ఊరి నుంచి తణుకు దగ్గరే అయినా పండగ వారం కదా. అబ్బాయితో మాత్రం ఈ రాత్రే మాట్లాడండి.